పైనుంచి చూచినవారి తగవు

పార్లమెంటు భవనం మీదుగా ఏ ప్రయాణికుల విమానమూ పోదు. రాష్ట్రపతి భవనం, సచివాలయపు జంట భవనాలు, పార్లమెంటు ఉన్నంత మేరకు ఆకాశం నిషిద్ధ ప్రాంతం. హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో వచ్చి పాలంలో దిగే ప్రయాణికుడు కిటికీ పక్కన కూర్చుని ఎంత మెడ చాచినా, అతని కంటబడేది ద్వారక మేడలే గాని దేశపు శాసనసభ పైకప్పు కాదు. నేలమీద నడిచేవానికీ అది కనబడదు. రైసీనా రోడ్డు వైపు నుంచి చూస్తే పొడవాటి రాతి గోడ, వరుస స్తంభాలు, కాపలా జవాన్లు. ఆ భవనానికి మూడు మూలలున్నాయన్న సంగతి బాటసారికి ఎవరో చెబితే తప్ప తెలియదు. పదిహేనేళ్లకు పైగా ఆ దారుల్లో తిరిగిన నేను కూడా కొత్త భవనపు పూర్తి ఆకారాన్ని ఛాయాచిత్రంలోనే చూచాను.

అటువంటి, ఎవరికీ కనబడని ఆకారం మీద 2023 మే 28న రాజధానిలో పెద్ద రగడ జరిగింది. ప్రధాని నరేంద్ర మోదీ కొత్త పార్లమెంటు భవనాన్ని ప్రారంభించిన రోజది. రాష్ట్రపతి చేత ప్రారంభింపజేయలేదన్న అభ్యంతరంతో ప్రతిపక్షాలు చాలావరకు సభకు రాలేదు; తెలుగుదేశం, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీలు హాజరైనాయి. సెంగోల్ గురించిన వాదోపవాదాలు అప్పటికే కొన్ని రోజులుగా నడుస్తున్నాయి. ఆ మంటల మధ్య, బీహారుకు చెందిన రాష్ట్రీయ జనతా దళ్ తన ట్విటర్ ఖాతాలో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. ఒకటి పైనుంచి తీసిన పార్లమెంటు భవనం, రెండవది శవపేటిక. ఇదేమిటో చెప్పండి అని ప్రశ్న. ప్రజాస్వామ్యాన్ని పాతిపెడుతున్నారన్నదే తమ భావమని ఆ పార్టీ ప్రతినిధి తరువాత వివరించారు. దేశద్రోహం కేసు పెట్టాలని భారతీయ జనతా పార్టీ నాయకుడు సుశీల్ కుమార్ మోదీ గర్జించారు. ప్రారంభోత్సవానికి తానూ వెళ్లని హైదరాబాదు సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ మాత్రం, ప్రభుత్వాన్ని విమర్శించడానికి వేరే మాటే దొరకలేదా, శవపేటికతో పోల్చడమేమిటని ఆ ప్రతిపక్షాన్నే మందలించారు. ఆ రోజు వినబడిన వ్యాఖ్యల్లో నాకు సమంజసంగా తోచినది అదే.

నిజానికి ఆ ఆకారానికి కారణం ఏ గూఢార్థమూ కాదు. భవనానికి దొరికిన స్థలం త్రికోణం. స్థలాన్ని వృథా చేయకుండా కట్టాలంటే భవనమూ త్రికోణమే కావాలి. రూపశిల్పి బిమల్ పటేల్ మూలలు కత్తిరించి ఆరు పక్షాలు తేల్చడంతో, పైనుంచి చూచిన కంటికి ఒక చివర సన్నగా, భుజాల దగ్గర వెడల్పుగా ఉన్న పెట్టె స్ఫురించింది. ఇక్కడ చరిత్ర ఆడిన చిన్న పరిహాసం ఒకటి ఉన్నది. పక్కనున్న పాత గుండ్రటి భవనానికి 1920 ప్రాంతంలో హెర్బర్ట్ బేకర్ మొదట ప్రతిపాదించినది త్రికోణపు నమూనాయే. లట్యెన్స్ పట్టుబట్టి దానిని వృత్తం చేయించాడు. 1927 జనవరిలో లార్డ్ ఇర్విన్ ప్రారంభించిన ఆ వృత్తం తరువాతి కాలంలో మనవారికి మొరేనా దగ్గరి మితావలి చౌసఠ్ యోగినీ ఆలయంలా కనబడసాగింది. అక్కడి నుంచే ఆంగ్లేయులు దానిని తస్కరించారన్న మాట ఢిల్లీలో ప్రతి గైడూ చెబుతాడు. పోలిక బాగానే ఉన్నది. పోలిక తప్ప పత్రాధారం చూపినవారిని మాత్రం నేను ఎరుగను. ఆ విధంగా ఒకే ఆవరణలో ఒక భవనం పైకప్పును చూచి మనం గర్వించాం, ఇంకొకదాని పైకప్పును చూచి తిట్టుకొన్నాం. రెండు చోట్లా భవనం తన పాటికి తాను ఉన్నది.

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి ఇచ్చే నక్షా ఎప్పుడూ పైనుంచి చూచిన బొమ్మే. ఒకప్పుడు ఆ దృశ్యం నక్షా గీసినవానికీ, కట్టినవానికీ, పైన ఉన్నాడని నమ్మే దేవునికీ తప్ప మరొకరికి అందేది కాదు. గద్ద ఆకారంలో ఇటుకలు పేర్చే శ్యేనచితి యజ్ఞవేదిక మన శుల్బ సూత్రాల కాలం నాటిది. ఆ గద్దను నేలమీద నిలబడిన యజమాని సరిగా చూడనైనా లేడు. తరువాత విమానాలు వచ్చాయి. అటుపై 2005లో గూగుల్ ఎర్త్ వచ్చి, ఆ దృశ్యాన్ని ఇంటింటికీ పంచిపెట్టింది. ఆ సంవత్సరం అక్టోబరులో రాష్ట్రపతి అబ్దుల్ కలాం హైదరాబాదులో పోలీసు అధికారుల సమావేశంలో మాట్లాడుతూ, ఉపగ్రహ చిత్రాలు ఇంత స్పష్టంగా అందరికీ అందుబాటులోకి రావడం వర్ధమాన దేశాల భద్రతకు ప్రమాదమని హెచ్చరించారు. ఉగ్రవాదులు దాడులకు వాడుకొంటారన్నది ఆయన భయం. అది సహేతుకమే. కాని ఆ చిత్రాలు మరొక రకపు గూఢచారులను కూడా తయారుచేశాయి. పని లేని మధ్యాహ్నం వేళ ప్రపంచపు కప్పులన్నింటినీ వెదకి, ఇదిగో ఇక్కడ ఫలానా గుర్తు ఉన్నదని చాటేవారు వీరు.

వారికి చిక్కిన మొదటి పెద్ద వేట అమెరికా నౌకాదళానిది. కాలిఫోర్నియాలో శాండియాగో పక్కన కొరొనాడో నౌకా స్థావరంలో నావికుల వసతి కోసం 1967లో పనులు మొదలుపెట్టి 1970 నాటికి ముగించిన భవనాలున్నాయి. మూడంతస్తుల మేడ ఒకటి, ఆంగ్ల అక్షరం 'ఎల్' ఆకారంలో. అదే నక్షాను నాలుగు మార్లు వాడి, నాలుగింటినీ నడిమి భాగం చుట్టూ తిప్పి నిలబెట్టారు. నక్షా ఖర్చు కలిసివచ్చింది. ప్రతి గదికీ గాలీ వెలుతురూ దొరికాయి. రెక్కల మధ్య వాకిళ్లు ఏర్పడ్డాయి. ఇంజనీరు దృష్టిలో ఇంతకంటె పొదుపైన ఏర్పాటు లేదు. కాని నాలుగు 'ఎల్'లు అలా కలిస్తే ఏర్పడేది స్వస్తికం. పని మొదలైన తరువాత ఆ సంగతి నౌకాదళం గ్రహించకపోలేదు. విమానాలు ఆ పైనుంచి పోవు, ఎవరు చూస్తారులే అని ఊరుకొన్నది. దాదాపు నలభై ఏళ్లు ఎవరూ చూడలేదు. ఉపగ్రహ చిత్రాలు వచ్చాక చూచారు. యూదు సంఘాలు ఆక్షేపణ తెలిపాయి. 2007 సెప్టెంబరులో, చెట్లూ సౌర ఫలకాలూ పెట్టి పైనుంచి కనబడే రూపు మార్చడానికి 6 లక్షల డాలర్ల వరకు వెచ్చించగలమని నౌకాదళం ప్రకటించింది.

ఆ వార్త వచ్చినప్పుడు ఢిల్లీ పత్రికా వర్గాల్లో నవ్వుకొన్నవారే ఎక్కువ. హిట్లరును ఓడించిన దేశపు నౌకాదళం హిట్లరు గుర్తును ఎందుకు కట్టుకొంటుంది? ఉద్దేశం లేని చోట అపరాధం ఎక్కడిది? నేనూ ఆనాడు అలాగే అనుకొన్నాను. తరువాత ఆలోచిస్తే ఆ నవ్వు తొందరపాటు అనిపించింది. అమెరికాలో స్థిరపడిన యూదు కుటుంబాల్లో ఐరోపా నిర్బంధ శిబిరాల్లో తల్లినో తండ్రినో పోగొట్టుకొన్నవారున్నారు. వారికి ఆ ఆకారం రేఖాగణితం కాదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్న సామెత మనకున్నదే. ఉద్దేశం లేదన్నది కట్టినవారిని నిందనుంచి తప్పిస్తుంది. చూచినవారి గాయాన్ని మాన్పదు. భవనాన్ని కూల్చమని గాక, నాలుగు చెట్లు నాటమని అడగడం అంత అత్యాశ ఏమీ కాదు.

ఉద్దేశపూర్వకంగా చేసిన పని ఎలా ఉంటుందో తెలియాలంటే జర్మనీకి పోవాలి. బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రంలో త్సెర్నికో అనే గ్రామం దగ్గర పైన్ చెట్ల అడవి ఉన్నది. దాని నడుమ నాజీల కాలంలో ఎవరో లార్చ్ చెట్లు ఒక లెక్క ప్రకారం నాటారు. పైన్ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. లార్చ్ ఆకు శరత్కాలంలో పండి పసుపుపచ్చన అవుతుంది. ఏడాదిలో కొన్ని వారాల పాటు మాత్రం, అదీ ఆకాశం నుంచి చూచేవారికి మాత్రం, పచ్చటి అడవిలో పసుపు స్వస్తికం వెలిగేది. తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వం నలభై ఏళ్లు పాలించినా అది అలాగే ఉన్నది. 1992లో వైమానిక ఛాయాచిత్రాలు పరిశీలిస్తుండగా బయటపడింది. 1995లో 43 చెట్లు నరికారు. గుర్తు పూర్తిగా పోలేదు. 2000లో ఇంకొక 25 చెట్లు నరికితే గాని ఆకారం చెదరలేదు. నవనాజీలకు అది తీర్థస్థలం అవుతుందన్న భయం జర్మన్ అధికారులది. ఆ భయం న్యాయమైనదేనని వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన సంగతి. ఆ గుర్తు నాజీల కంటె వేల ఏళ్లు ముందే మన గడపల మీద ఉన్నది. గడపల మీదనే కాదు, నక్షాల్లోనూ ఉన్నది. గ్రామాలను ఎన్ని రకాలుగా నిర్మించవచ్చునో చెప్పిన మానసారం ఎనిమిది విన్యాసాలు పేర్కొన్నది. వాటిలో నంద్యావర్తం, సర్వతోభద్రం, పద్మకంతో పాటు స్వస్తికం ఒకటి. తమిళనాడులో తిరుచిరాపల్లి సమీపాన తిరువెళ్లరైలో పుండరీకాక్ష పెరుమాళ్ కోవెల దగ్గర పల్లవుల కాలపు దిగుడుబావి ఉన్నది. నాలుగు దిక్కుల నుంచి నాలుగు మెట్ల వరుసలు దిగి, ప్రతి వరుసా ఒక మలుపు తిరిగి నీటిని చేరుతుంది. పైనుంచి చూస్తే సాక్షాత్తు స్వస్తికం. ఒక వరుసలో స్నానం చేసేవారు మరొక వరుసలోనివారికి కనబడరు. ఆ మలుపు ప్రయోజనం అదే. కొరొనాడో ఇంజనీరుకు గాలీ వెలుతురూ ఇచ్చిన మలుపే తిరువెళ్లరై స్థపతికి మరుగు ఇచ్చింది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ నాగార్జునకొండ. సాగర్ జలాశయం కింద మునగబోయే లోయలో 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖవారు తవ్వకాలు సాగించగా, ఇక్ష్వాకుల విజయపురి బయటపడిన వైనం పాఠకులకు తెలిసినదే. అక్కడి స్తూపాలకు ఒక విశేషమున్నది. బండిచక్రానికి కుండ, ఆకులు, కమ్మి ఉన్నట్లు ఇటుక గోడలు కట్టి, ఆకుల నడుమ మట్టి నింపి, దాని మీద గోళాకారపు స్తూపం లేపారు. కొన్ని చిన్న స్తూపాల్లో చక్రానికి నడుమ, కుండ ఉండవలసిన చోట, ఇటుకలతో స్వస్తికం పేర్చారు. స్తూపం పూర్తి కాగానే ఆ స్వస్తికం మట్టిలో కప్పడిపోయింది. దానిని ఏ భిక్షువూ చూడలేదు, ఏ యాత్రికుడూ చూడలేదు. పదహారు పదిహేడు శతాబ్దాల తరువాత పైభాగం శిథిలమై, తవ్వకందారు గట్టుమీద నిలబడి కిందికి చూచినప్పుడు గాని అది మానవ నేత్రానికి కనబడలేదు. ఎవరికో చూపడానికి పెట్టిన గుర్తు కాదు అది. చూపడానికి పెట్టిన గుర్తులతో సతమతమవుతున్న ఈ రోజుల్లో ఆ ఇటుకలు నాకు తరచు జ్ఞాపకం వస్తుంటాయి.

ఈ వారసత్వం మనకున్నది కనుకనే విదేశాల్లో స్వస్తికాన్ని నిషేధించే ప్రయత్నం జరిగినప్పుడల్లా ప్రవాస భారతీయులు కలవరపడతారు. 2007లో జర్మనీ ఐరోపా సమాఖ్య అధ్యక్ష స్థానంలో ఉండగా నాజీ గుర్తులపై సమాఖ్య అంతటా నిషేధం తేవాలన్న ఆలోచన రాగా, బ్రిటన్‌లోని హిందూ సంఘాలు దానిని ప్రతిఘటించాయి. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2022లో చేసిన చట్టం ఇంతకంటె తెలివైనది. నాజీ గుర్తును బహిరంగంగా ప్రదర్శించడం నేరమని చెబుతూనే, హిందూ, బౌద్ధ, జైన సంప్రదాయాల స్వస్తికానికి అది వర్తించదని స్పష్టం చేసింది. నాజీల గుర్తుకు జర్మన్ పేరే వాడి, 'కొక్కెపు శిలువ' వేరు, స్వస్తికం వేరు అన్న భేదాన్ని పాటించింది. మెల్‌బోర్న్‌లో గృహప్రవేశం చేసికొని ద్వారబంధానికి పసుపు కుంకుమలతో స్వస్తికం దిద్దే తెలుగు ఇల్లాలికి ఆ చట్టం వల్ల ఇబ్బంది లేదు. గుర్తును గాక, ఎవరు ఏ ఉద్దేశంతో పెట్టారో చూడండని మనవారు అడిగారు; ఆ శాసనసభ ఆలకించింది.

అయితే ఈ వాదన చేసే నైతిక బలం మనకు ఏపాటి ఉన్నదన్నది వేరే ప్రశ్న. 2006 ఆగస్టులో నవీ ముంబైలో ఒక భోజనశాల హిట్లరు పేరుతో, ఆయన బొమ్మతో, నాజీ స్వస్తికంతో తెరుచుకొన్నది. దృష్టి ఆకర్షించడానికే ఆ పేరని యాజమాన్యం చెప్పుకొన్నది. ముంబైలోని యూదులు, ఇజ్రాయెలు దౌత్య కార్యాలయం నిరసన తెలిపితే గాని పేరు మార్చలేదు. ఈ దేశంలో రైల్వే ప్లాట్‌ఫారాల మీద హిట్లరు ఆత్మకథ ఎంత ధారాళంగా అమ్ముడుపోతుందో ప్రయాణాలు చేసేవారికి చెప్పనక్కరలేదు. ఆ రెండు స్వస్తికాలూ వేరు అని ప్రపంచానికి చెప్పవలసిన మనమే, ఇంట్లో రెండింటినీ కలగాపులగం చేసి కూర్చున్నాం. కొరొనాడో వార్త చదివి మనం నవ్వింది ఆ సంఘటన జరిగిన మరుసటి సంవత్సరమే.

ఆకారాల తగవు స్వస్తికంతో ఆగేది కాదు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి చూడబోయినవారు కమానుల పైభాగాన ఆరు కోణాల నక్షత్రాలను గమనించే ఉంటారు. పురానా ఖిల్లా దర్వాజా మీదా అవే. పదహారవ శతాబ్దపు ముస్లిం పాలకుల కట్టడాల మీద ఇజ్రాయెలు పతాకపు నక్షత్రం ఎలా వచ్చిందని కొత్తవారు ఆశ్చర్యపడతారు. ఇజ్రాయెలు ఏర్పడినది 1948లో. ఆ షట్కోణం అంతకు ఎన్నో తరాల ముందే సుబ్రహ్మణ్య యంత్రంలోనూ మొగలు శిల్పుల చేతిలోనూ ఉన్నది. ఢిల్లీలో దానిని చెక్కివేయమని ఎవరూ అడగలేదు. టెహరానులో అడిగారు. 2010 నవంబరులో ఇరాన్ విమానయాన సంస్థ ప్రధాన కార్యాలయం కప్పు మీద ఆరు కోణాల నక్షత్రం ఉపగ్రహ చిత్రంలో కనబడగా అక్కడి పత్రికలు భగ్గుమన్నాయి. 1979 విప్లవానికి పూర్వం కట్టిన భవనమది. విప్లవం వచ్చి ముప్పై ఏళ్లు గడిచినా ఆ కప్పు కింద ప్రతిరోజూ పనిచేసినవారికి తమ నెత్తిమీద ఏమున్నదో తెలియలేదు.

దీనికి సరిగా అద్దంలో బొమ్మ వంటిది అమెరికాలో జరిగింది. 2001 సెప్టెంబరు 11న హైజాకర్ల చేతిలో చిక్కి, పెన్సిల్వేనియా పొలాల్లో కూలిన విమానంలోని ప్రయాణికుల స్మారకానికి 2005లో ఒక నమూనా ఎంపికైంది. రూపశిల్పి పాల్ మర్డోక్ లోయ చుట్టూ మేపుల్ చెట్లను అర్ధచంద్రాకారంలో నాటి, దానికి నెలవంక ఆలింగనమన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇస్లాం గుర్తును ఇస్లాం పేరు చెప్పుకొన్న హంతకులకే సమర్పిస్తారా అని అభ్యంతరం లేచింది; కాంగ్రెసు సభ్యుడొకరు లేఖ వ్రాశారు. రూపశిల్పి చెట్ల వరుసను పెంచి వృత్తం చేశారు, పేరు మార్చారు. వంపు తిరిగిన లోయలో నాటిన చెట్లు వంపుగా కాక మరెలా ఉంటాయని అడిగినవారి మాట వినబడలేదు.

ఇక మన పొరుగున ఇస్లామాబాదులో 2007 మార్చి 23న ప్రారంభించిన పాకిస్తాన్ జాతీయ స్మారకం ఉన్నది. పువ్వు రేకుల వంటి నిర్మాణం. పైనుంచి చూస్తే నెలవంకా నక్షత్రమూ కనబడేటట్లు కావాలనే రచించారు. నాలుగు పెద్ద రేకులు నాలుగు రాష్ట్రాలు. మూడు చిన్న రేకుల్లో రెండు గిల్గిత్–బాల్టిస్తాన్‌కు, వారు ఆజాద్ కాశ్మీరు అని పిలిచే ప్రాంతానికి ప్రతీకలు. ఈ రెండింటినీ భారతదేశం తన భూభాగాలుగానే పరిగణిస్తున్నది. పార్లమెంటు 1994లో ఏకగ్రీవ తీర్మానం కూడా చేసింది. రాతి రేకుల రూపంలో ఆ ప్రాంతాల మీద హక్కు చాటుకొన్న ఆ స్మారకాన్ని గురించి మాత్రం ఢిల్లీలో ఎవరైనా కిమ్మన్న జాడ నాకు కనబడలేదు. ఉద్దేశం నిస్సందేహంగా ఉన్న చోట మౌనం. ఉద్దేశం ఊహించవలసిన చోట కోలాహలం.

స్వదేశంలో మన కోలాహలానికి మూలం మతచిహ్నాల కంటె ఎన్నికల చిహ్నాలే. నిరక్షరాస్య ఓటరు కోసం తొలి సార్వత్రిక ఎన్నికల నాడు ప్రవేశపెట్టిన గుర్తులు ఇంత ప్రాకిపోతాయని ఎవరూ ఊహించి ఉండరు. కర్ణాటకలో శివమొగ్గ విమానాశ్రయానికి తామర పువ్వు ఆకారంలో భవనం నిర్మిస్తున్నారని తెలియగానే, ప్రజాధనంతో పార్టీ గుర్తు కడుతున్నారని 2021లో కాంగ్రెసు ధ్వజమెత్తింది. తామర జాతీయ పుష్పమని పాలకపక్షం సమాధానం. 2023 ఫిబ్రవరి 27న, శాసనసభ ఎన్నికలు రెండున్నర నెలల దూరంలో ఉండగా ప్రధాని దానిని ప్రారంభించారు. ఎన్నికల ముందు తొందర చూస్తే కాంగ్రెసు అనుమానం పూర్తిగా నిరాధారమని అనలేం. కాని ఢిల్లీలో కాల్కాజీ దగ్గర 1986లో వెలసిన బహాయీ మందిరం 27 రేకుల తామరే. అప్పటికి భారతీయ జనతా పార్టీకి ఆరేళ్ల వయస్సు. ఆ మందిరాన్ని ఎవరూ శంకించలేదు. చండీగఢ్‌లో కొర్బూజియే ఊహించిన 'తెరచిన హస్తం' 1985 నుంచి గాలికి తిరుగుతున్నది, నగర పాలనా యంత్రాంగానికి అదే అధికార చిహ్నం. అది కాంగ్రెసు హస్తమని ఓటు వేసినవాడు ఒక్కడైనా ఉంటాడని నేను అనుకోను.

2012 జనవరిలో ఉత్తరప్రదేశ్ ఎన్నికల సమయాన లక్నో, నోయిడా ఉద్యానవనాల్లో మాయావతి విగ్రహాలను, ఏనుగు విగ్రహాలను కప్పివేయమని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఆ రోజుల్లో నేను నోయిడా పోయి చూచాను. వరుసగా నిలబడిన రాతి ఏనుగులకు పట్టాలు చుట్టి తాళ్లు కట్టారు. తొండం తొండంగానే ఉన్నది, వీపు వీపుగానే ఉన్నది. ముసుగు వేసిన ఏనుగును చూచి ఏనుగని గుర్తుపట్టలేని ఓటరు ఎక్కడున్నాడో తెలియదు. దారినపోయే పిల్లలు దిగి మరీ లెక్కపెడుతున్నారు. ముసుగు లేనినాడు ఎవరూ లెక్కపెట్టినట్లు లేదు. మన అమరావతిలో శాసనసభకు 2016లో జపాను రూపశిల్పి ఫుమిహికో మాకి ఇచ్చిన నమూనాను చూచి ఫ్యాక్టరీ పొగగొట్టాలని, విద్యుత్ కేంద్రమని ఎగతాళి చేసినప్పుడూ దాదాపు ఇదే జరిగింది. ఆ భవనంలో గదులు ఎలా అమర్చారు, ప్రజలకు ప్రవేశం ఎంత మేరకు అన్న విషయాలు చర్చకే రాకుండా నమూనా మూలపడింది.

తిరిగి పార్లమెంటుకు వద్దాం. కొత్త లోక్‌సభకు నెమలి, రాజ్యసభకు తామర అలంకార వస్తువులు. 2023 సెప్టెంబరులో కొత్త భవనంలోకి సభలు మారినప్పుడు ఉద్యోగుల దుస్తుల మీద తామర ముద్ర వేయించారని మళ్లీ రగడ. నెమలి ఎందుకు కాదు, పులి ఎందుకు కాదు అని కాంగ్రెసు నిలదీసింది. ప్రభుత్వం వైపు కూడా తప్పు లేకపోలేదు. స్వస్తికం విషయంలో భేదం తెలిసికొని మాట్లాడమని విదేశాలను కోరే పాలకులు, జాతీయ పుష్పానికీ పార్టీ గుర్తుకూ మధ్య గీత చెరిగిపోకుండా చూడవలసిన బాధ్యత ఇంకొకరిది కాదు. శవపేటిక బొమ్మ పెట్టినవారి మీద దేశద్రోహం కేసు పెట్టమనడం మరీ విపరీతం. అది చౌకబారు విమర్శ, అంతే. విమర్శ చౌకబారుదైనంత మాత్రాన నేరం కాదు.

నాకు బాధ కలిగించినది వేరు. ఆ వారమంతా ఢిల్లీలో పైకప్పు మీద, రాజదండం మీద, కొంత కాలం ముందు కప్పు మీద నిలిపిన సింహాల కోరల మీద ఇంత చర్చ జరిగింది. కప్పు కింద ఉన్న ఒక అంకెను మాత్రం దక్షిణాది నుంచి వచ్చిన కొద్దిమంది సభ్యులు తప్ప పట్టించుకొన్నట్లు లేదు. 543 మంది సభ్యులున్న లోక్‌సభకు ఆ భవనంలో 888 ఆసనాలు వేశారు. 384 ఆసనాలు రాజ్యసభకు. ఉభయ సభల సమావేశం జరిగితే లోక్‌సభ మందిరంలోనే 1,272 మంది కూర్చోవచ్చు. ఈ అదనపు ఆసనాలు ఎవరి కోసం?

రాష్ట్రాలకు లోక్‌సభ స్థానాల కేటాయింపు 1971 జనాభా లెక్కల మీద ఆధారపడినది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోరాదని 1976లో దానిని స్తంభింపజేశారు; 2026 తరువాత జరిగే తొలి జనగణన దాకా ఆ స్తంభన సాగాలని 84వ రాజ్యాంగ సవరణ చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17, రెండూ కలిపి 42 స్థానాలు. కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని చిత్తశుద్ధితో అమలు చేసిన తెలుగువారు జనాభా దామాషాలో కొత్త పంపకం జరిగితే ఉత్తరాది పక్కన చిన్నబోతారన్న ఆందోళన కొత్తది కాదు. 2025 మార్చి 22న చెన్నైలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ పిలిచిన సమావేశానికి తెలంగాణ నుంచి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, ప్రతిపక్షం తరఫున కె. టి. రామారావు కూడా వెళ్లారు. రాష్ట్రంలో ఒకరి ముఖం ఒకరు చూడనివారు అక్కడ ఒకే వేదిక మీద కూర్చున్నారు. ఆ సంవత్సరం జూన్ 16న కేంద్రం జనగణన ప్రకటన జారీ చేసింది. మంచు ప్రాంతాలు మినహా దేశమంతటా లెక్కకు ప్రమాణంగా పెట్టిన తేదీ 2027 మార్చి 1.

ప్రారంభోత్సవం నాడు అదనపు ఆసనాల గురించి ఇద్దరు ముగ్గురు ఉత్తరాది సభ్యులను నేను అడిగాను. ఒకాయన, భవిష్యత్తు కోసం ముందుచూపుతో వేశారని చెప్పి, జేబులోంచి ఫోను తీసి ఆ శవపేటిక బొమ్మ చూపించి, దీనికి మీ జవాబేమిటని నన్నే అడిగారు.